పార్ అనే కొలబద్ద: గోల్ఫ్ మాటల వెనుక ఉన్న లెక్క

2021 ఆగస్టు 7, శనివారం ఉదయం. అంతవరకు ఒక్కసారి కూడా గోల్ఫ్ చూడని ఎందరో భారతీయులు ఆ రోజు టీవీల ముందు, ఫోన్ల ముందు కూర్చున్నారు. టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల గోల్ఫ్ చివరి రౌండ్ నడుస్తోంది. బెంగళూరుకు చెందిన అదితి అశోక్ పతకం అందుకునేంత దగ్గరలో ఉంది. తెరమీద ఆమె పేరు పక్కన మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తోంది. పరుగులు పెరిగితే సంబరపడటం అలవాటైన కళ్లకు, సున్నా కంటే ఎంత కిందికి దిగితే అంత మంచిదనే లెక్క వెంటనే అంతుపట్టలేదు. వ్యాఖ్యాతలు ఒకసారి బర్డీ అంటున్నారు, మరోసారి బోగీ అంటున్నారు, పార్ కాపాడుకుందని మెచ్చుకుంటున్నారు. చివరికి అదితి 15 అండర్ పార్ స్కోరుతో నాలుగో స్థానంలో నిలిచింది; కాంస్యం గెలిచిన న్యూజిలాండ్ క్రీడాకారిణి లిడియా కో స్కోరు 16 అండర్. నాలుగు రోజుల ఆట ఒక్క దెబ్బ తేడాతో తేలింది. ఆ ఒక్క దెబ్బను దేనితో పోల్చి లెక్కపెట్టారో తెలిస్తేనే ఆ ఉదయం చేజారినది ఎంతటిదో అర్థమవుతుంది.

గోల్ఫ్ మాటలను చాలామంది అక్షరక్రమంలో ఉన్న పదకోశం నుంచి నేర్చుకోబోతారు, సగంలో వదిలేస్తారు. అలా నేర్చుకుంటే ప్రతి మాటా విడిగా నిలబడి, ఏదీ మనసుకు పట్టదు. అసలు ఈ ఆటకు ఇన్ని ప్రత్యేకమైన మాటలు ఎందుకు కావలసివచ్చాయో ముందు చూడాలి. క్రికెట్ పిచ్ ఎక్కడైనా 22 గజాలే, టెన్నిస్ కోర్టు కొలతలు ఏ దేశంలోనైనా ఒకటే. గోల్ఫ్ మైదానాలు అలా కాదు. ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మధ్య ఉంటే, ఒకటి హైదరాబాద్ నయాఖిలాలా కోట గోడల పక్కన ఉంటుంది. ఆటగాళ్లు ఎదురెదురుగా నిలబడి ఒకే బంతి కోసం పోటీపడరు. ఎవరి బంతి వారిది, ఎవరి లెక్క వారిది. పోలిక కుదరని చోట పోలిక తీసుకురావడానికి పుట్టినవే ఈ ఆటలోని ముఖ్యమైన మాటలన్నీ. కుంచం, పుట్టి, ఎకరం ఎలాంటివో పార్, హ్యాండీక్యాప్, బోగీ కూడా అలాంటివే. అవి ముందు కొలతలు, ఆ తర్వాతే పేర్లు.

ఆ కొలతల్లో మొదటిది పార్. బాగా చేయి తిరిగిన ఆటగాడు, మామూలు వాతావరణంలో, చెప్పుకోదగ్గ పొరపాటు లేకుండా ఆడితే ఒక హోల్‌ను ఎన్ని దెబ్బల్లో ముగించాలో ఆ సంఖ్యే దానికి పార్. ఇక్కడ హోల్ అనే మాటకు రెండు అర్థాలున్నాయని గుర్తుంచుకోవాలి. చివర బంతి పడే గుంత ఒక అర్థం. దాని వ్యాసం ప్రపంచమంతటా 108 మిల్లీమీటర్లు, అంటే నాలుగుంపావు అంగుళాలు. ఆట మొదలుపెట్టే చోటు నుంచి ఆ గుంత వరకు ఉన్న నేలంతా కలిపి చెప్పే పేరు రెండో అర్థం. మైదానంలో నేల పొడవు, గడ్డి ఎత్తు, వాలు అన్నీ మారిపోతుంటాయి. మారనిది గుంత కొలత ఒక్కటే.

పార్ ఏదో ఉజ్జాయింపుగా వేసిన అంకె కాదు. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ పేరు పట్. ప్రతి హోల్‌కూ రెండు పట్‌లు పడతాయని పార్ ముందే ఒప్పుకుంటుంది. మిగిలిన దెబ్బలు గ్రీన్ చేరడానికి. అందువల్ల పార్ 3 హోల్‌లో ఒక్క దెబ్బకే బంతి గ్రీన్ మీద పడాలి, పార్ 4లో రెండో దెబ్బకు, పార్ 5లో మూడో దెబ్బకు పడాలి. ఇప్పుడున్న మార్గదర్శకాల ప్రకారం పురుషులకు సుమారు 260 గజాల లోపు ఉన్నది పార్ 3, 240 నుంచి 490 గజాల దాకా ఉన్నది పార్ 4, 450 దాటితే పార్ 5 కావచ్చు. మహిళలకు ఈ హద్దులు కొంచెం తక్కువ. హద్దులు ఒకదాని మీదికి ఒకటి రావడం పొరపాటు కాదు. ఎత్తు పల్లాలు, అడ్డుపడే నీరు చూసి మైదానం వాళ్లు నిర్ణయించుకోవడానికి వదిలిన వెసులుబాటు అది. 18 హోళ్ల పార్‌లు కలిపితే మైదానం పార్ వస్తుంది. చాలాచోట్ల అది 70 నుంచి 72 వరకు ఉంటుంది.

టోక్యో లెక్కను ఇప్పుడు విప్పవచ్చు. పోటీ జరిగిన కసుమిగసెకి మైదానం పార్ 71. నాలుగు రౌండ్లకు 284. అదితి నాలుగు రోజుల్లో వరుసగా 67, 66, 68, 68 దెబ్బల్లో ఆట ముగించింది, మొత్తం 269. 284 నుంచి 269 తీసేస్తే మిగిలే 15, ఆమె పేరు పక్కన కనిపించిన అంకె. లిడియా కో 268 దెబ్బలు ఆడింది. అదితి డ్రైవ్‌లు, అంటే హోల్ మొదట్లో కొట్టే పెద్ద దెబ్బలు, పోటీదారులకంటే తక్కువ దూరం వెళ్లేవి. ఆ లోటును ఆమె పట్‌లతో పూడ్చుకుంది. పార్ రెండు పట్‌లు ఇస్తుందని తెలిసినవారికే, ఒక్క పట్‌తో ముగించిన ప్రతి గ్రీన్ మీద ఆమె ఏం సంపాదించిందో కనిపిస్తుంది.

పార్ అనే మాట గోల్ఫ్‌లోకి వచ్చిన కథ కూడా ఈ కొలత స్వభావాన్నే చెబుతుంది. 1870లో స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరగబోతోంది. అప్పట్లో ఆ మైదానానికి 12 హోళ్లే. ఎంత స్కోరు చేస్తే గెలవవచ్చని డోల్‌మన్ అనే గోల్ఫ్ రచయిత ఇద్దరు ఆటగాళ్లు, డేవిడ్ స్ట్రాత్, జేమ్స్ ఆండర్సన్‌లను అడిగాడు. తప్పులేకుండా ఆడితే ఒక రౌండ్‌కు 49 అవుతుందని వాళ్లు చెప్పారు. దానికి ఆయన పార్ అని పేరు పెట్టాడు. అప్పటికి షేర్ మార్కెట్‌లో ఒక వాటా అసలు విలువకు వాడే మాట అది. ఆ ఏడాది యంగ్ టామ్ మోరిస్ మూడు రౌండ్లలో 149 దెబ్బలతో గెలిచాడు. మూడు 49లు 147. అంటే విజేత కూడా పార్ కంటే రెండు దెబ్బలు ఎక్కువే ఆడాడు. పార్ మామూలు ఆటగాడి సగటు కాదని, ఎంతో శ్రమిస్తే తప్ప అందని గీత అని ఆ ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. పార్ చేయడమంటే ఏమీ సాధించకపోవడం అనుకునే కొత్త ప్రేక్షకులు ఈ విషయం దగ్గరే తడబడతారు.

పార్ కంటే ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, మూడు తక్కువైతే ఆల్బట్రాస్. అన్నీ పక్షుల పేర్లు కావడం యాదృచ్ఛికం కాదు. 20వ శతాబ్దం మొదలవుతున్న రోజుల్లో అమెరికా యాసలో గొప్పగా ఉన్న దేన్నైనా పక్షి అనేవారు. న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీ మైదానంలో ఒకరు కొట్టిన దెబ్బను చూసి అలా మెచ్చుకున్నారని, అక్కడి నుంచి బర్డీ వాడుకలోకి వచ్చిందని చెబుతారు. చిన్న పిట్టతో మొదలైన వరుస, స్కోరు అరుదయ్యేకొద్దీ పెద్ద పక్షులకు పెరిగింది. ముందు గద్ద, తర్వాత సముద్రాల మీద అలుపు లేకుండా ఎగిరే ఆల్బట్రాస్. అమెరికాలో మాత్రం మూడు తక్కువను డబుల్ ఈగిల్ అంటారు. అమెరికాలో ఏటా జరిగే మాస్టర్స్ పోటీలో, 1935లో, జీన్ సరాజెన్ 15వ హోల్‌లో దాదాపు 235 గజాల నుంచి కొట్టిన బంతి నేరుగా గుంతలోకి వెళ్లింది. పార్ 5 హోల్ అది, రెండు దెబ్బల్లో ముగిసింది. మర్నాడు జరిగిన ప్లేఆఫ్‌లో ఆయనే గెలిచాడు.

పార్ కంటే ఒకటి ఎక్కువైతే బోగీ. ఈ మాట వినగానే తెలుగువారికి రైలు పెట్టె గుర్తుకొస్తుంది. ఆ బోగీకీ దీనికీ చుట్టరికం లేదు. దీని చుట్టం మన బూచాడు. 1890లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో హ్యూ రోథరమ్ అనే ఆయన, ప్రతి హోల్‌కూ ఒక నికరమైన స్కోరు నిర్ణయించి ఆటగాళ్లు దానితో పోటీపడితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ఆ రోజుల్లో జనం నోళ్లలో నానుతున్న ఒక పాటలో బూచాడు వస్తాడు. కనిపించకుండా వెంటాడే ఆ అంకెకు అదే పేరు అంటుకుంది. అంటే మొదట బోగీ అన్నా అందుకోవలసిన మంచి స్కోరే. తర్వాత అమెరికాలో నిపుణుల కొలతగా పార్ స్థిరపడి, మామూలు ఆటగాడి స్థాయి బోగీకి మిగిలింది; మెల్లగా అది ఒకటి ఎక్కువ అనే అర్థానికి దిగిపోయింది. రెండు ఎక్కువైతే డబుల్ బోగీ, మూడైతే ట్రిపుల్ బోగీ. పైకి ఎగరడానికి ఇన్ని పక్షులున్న ఆటలో కిందికి జారడానికి ఒక్క బూచాడే ఉన్నాడు.

తెలుగు పాఠకుడికి గోల్ఫ్‌లో తెలియని మాటలకన్నా తెలిసిన మాటలే ఎక్కువ తికమక కలిగిస్తాయి. క్రికెట్ ద్వారా చెవికి బాగా అలవాటైన మాటలు ఇక్కడ వేరే పని చేస్తాయి. హుక్ అంటే క్రికెట్‌లో బౌన్సర్‌ను లెగ్ వైపు తరలించే దెబ్బ, కావాలని ఆడేది. గోల్ఫ్‌లో కుడిచేతి ఆటగాడి బంతి ఎడమకు బాగా వంగిపోవడం, చాలావరకు అనుకోకుండా జరిగేది. అదే కుడికి వంగితే స్లైస్. కొత్తగా నేర్చుకునేవారిని ఎక్కువగా ఏడిపించేది ఇదే. కావాలని కొద్దిగా ఎడమకు తిప్పితే డ్రా, కుడికి తిప్పితే ఫేడ్. ఒకే వంపుకు రెండు పేర్లు ఉండటానికి కారణం ఉద్దేశం: బంతి ఆటగాడి మాట విందా లేదా అన్నదే తేడా. స్వింగ్ అంటే క్రికెట్‌లో బంతి గాలిలో తిరగడం, గోల్ఫ్‌లో ఆటగాడి శరీరం, చేతులు, కర్ర కలిసి చేసే కదలిక. కట్ క్రికెట్‌లో ఒక దెబ్బ, గోల్ఫ్‌లో ఒక గండం. నాలుగు రౌండ్ల పోటీలో సాధారణంగా రెండు రౌండ్లు అయ్యాక ఒక గీత గీసి, దాని కింద ఉన్నవారిని ఇంటికి పంపేస్తారు. మాస్టర్స్‌లో మొదటి 50 స్థానాల్లో ఉన్నవారు, 50వ స్థానంతో సమానంగా నిలిచినవారు మాత్రమే కట్ దాటి వారాంతంలో ఆడతారు.

ఇంకా విచిత్రమైనది స్కోరు కార్డు. దాని మీద తొమ్మిదో హోల్ తర్వాత ఔట్ అని, పద్దెనిమిదో హోల్ తర్వాత ఇన్ అని అచ్చువేసి ఉంటుంది. ఔట్ అంటే ఎవరూ ఔట్ కాలేదు. పాత స్కాటిష్ మైదానాలు సముద్రపు ఒడ్డు వెంట సన్నగా సాగేవి. మొదటి సగం హోళ్లు ఊరికి దూరంగా బయటికి వెళ్లేవి, రెండో సగం వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టేవి. సెయింట్ ఆండ్రూస్ పాత మైదానంలో ఈనాటికీ ఆట అలాగే సాగుతుంది. 18 అనే అంకె కూడా అక్కడిదే. అంతకుముందు 22 హోళ్లుగా ఆడే రౌండ్‌ను 1764లో 18కి కుదించారు, తర్వాత ప్రపంచం దాన్నే అనుసరించింది. ఒక చిన్న ఊరి ఒడ్డు ఆకారం ప్రపంచమంతటా ప్రతి స్కోరు కార్డు మీదా అచ్చయి ఉండటం ఈ మాటల గురించి చెప్పుకోవలసిన ముచ్చటైన విషయం.

వినిపించగానే పక్కకు తప్పుకోవలసిన మాట ఫోర్. క్రికెట్ అభిమాని చెవికి అది బౌండరీ. గోల్ఫ్ మైదానంలో అది కేక, బంతి దారితప్పి మనుషుల మీదికి వస్తోంది జాగ్రత్త అని. ముందు అనే అర్థమున్న ఇంగ్లిష్ మాట నుంచి వచ్చిందంటారు. బంతులు ఎక్కడ పడ్డాయో చూడటానికి ముందుగా నడిచే సహాయకుడి పేరు నుంచి వచ్చిందన్న వాదమూ ఉంది. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. అంత చిన్న గట్టి బంతి పెద్ద వేగంతో వస్తుంది కాబట్టి, ఈ ఒక్క మాటను మాత్రం మైదానం దరిదాపుల్లోకి వెళ్లే ప్రతివారూ తెలుసుకుని ఉండాలి. వినిపించినప్పుడు తలెత్తి చూడకూడదు. తలను చేతులతో కప్పుకుని వంగాలి.

నేలకు సంబంధించిన మాటలు ఒక హోల్ వెంట నడిస్తే తేలిగ్గా పట్టుబడతాయి. 400 గజాల పార్ 4 హోల్ ఒకటి అనుకుందాం. మొదటి దెబ్బ కొట్టే చదునైన చోటు టీయింగ్ ఏరియా. అక్కడ బంతిని నిలబెట్టే చిన్న పుల్ల టీ. ఒకప్పుడు తడి ఇసుకను గుప్పెడు తీసి దిబ్బలా చేసి దాని మీద బంతి పెట్టేవారు. డ్రైవర్ అనే పొడవైన కర్రతో కొట్టిన బంతి 240 గజాలు వెళ్లి, పొట్టిగా కత్తిరించిన పచ్చిక బాట మీద ఆగితే ఆటగాడు ఫెయిర్‌వేలో ఉన్నట్టు. ఆ బాటకు రెండువైపులా పెరగనిచ్చిన గడ్డి రఫ్. అందులో బంతి సగం మునిగిపోతే కర్రకూ బంతికీ మధ్య గడ్డి చేరి దెబ్బ అదుపు తప్పుతుంది. ఇంకా 160 గజాలు మిగిలాయి. రెండో దెబ్బ ఐరన్ అనే లోహపు కర్రతో కొడితే కర్ర అంచుకు బంతి తర్వాత ఒక పచ్చిక పెళ్ల లేచి ఎగురుతుంది. ఆ పెళ్లను డివట్ అంటారు, దాన్ని తీసుకొచ్చి పడిన గాయాన్ని పూడ్చడం ఆటలో మర్యాద. బంతి గ్రీన్ అంచుకు కొద్దిగా ఇవతల ఆగిందనుకుంటే, దాన్ని కొంచెం లేపి ఎక్కువగా దొర్లేలా కొట్టే చిన్న దెబ్బ చిప్. ఎత్తుగా లేపి పడినచోటే దాదాపు ఆగేలా కొడితే పిచ్. చిప్ గుంతకు దగ్గరగా ఆగి, ఒక్క పట్‌తో పని ముగిస్తే రెండు, ఒకటి, ఒకటి కలిసి నాలుగు. గ్రీన్ సకాలంలో అందకపోయినా పార్ దక్కింది. అలా రెండు దెబ్బల్లో గట్టెక్కడాన్ని అప్ అండ్ డౌన్ అంటారు.

ఆ దారిలో ఇసుక గుంటలు ఉంటాయి. వాటి పేరు బంకర్. సైనికుల బంకర్‌కు, దీనికి మూలం ఒక్కటేనని చాలామందికి తెలియదు; స్కాట్ భాషలో పెట్టె, బల్ల అనే అర్థమున్న మాట రెండింటికీ మూలమంటారు. ఒడ్డు గాలులకు గొర్రెలు ఒదిగి పడుకున్న చోట్ల గడ్డి పోయి ఇసుక బయటపడి ఇవి ఏర్పడ్డాయన్నది ప్రచారంలో ఉన్న కథ. అక్కడి ఇసుక ఒడ్డు నేలకే లింక్స్ అని పేరు. పాత ఇంగ్లిష్‌లో గట్టు, మిట్ట అనే మాట నుంచి వచ్చింది. అందువల్ల ప్రతి గోల్ఫ్ మైదానాన్నీ లింక్స్ అనడం తప్పు. సముద్రం పక్క ఊరిలో ఉన్నంత మాత్రాన కూడా లింక్స్ కాదు. కింద ఇసుక, పైన పొట్టి గడ్డి, చెట్లు లేని గాలి నేల కలిస్తేనే ఆ మాట చెల్లుతుంది.

బంకర్‌లో ఒక నియమం ఉంది. దెబ్బ కొట్టే ముందు బంతికి సరిగ్గా ముందూ వెనుకా ఉన్న ఇసుకకు కర్ర తగలకూడదు, దెబ్బ కోసం కర్రను వెనక్కి లేపేటప్పుడు కూడా ఇసుకకు తగలకూడదు. తగిలితే రెండు దెబ్బల జరిమానా. 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో, హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల, బంకర్‌లో కర్ర వెనక్కి లేపేటప్పుడు కొన్ని ఇసుక రేణువులు కదిలాయని తనకు అనిపించి, తానే అధికారిని పిలిచి చెప్పాడు. ఎదురు ఆటగాడు ఫిర్యాదు చేయలేదు. రెండు దెబ్బలు అతని స్కోరుకు కలిశాయి. ఆ పోటీలో అతను మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానానికి తేడా రెండు దెబ్బలే. ప్రతి ఆటగాడి వెంట అంపైర్ నడవని ఆటలో మాటల నిర్వచనం ఇంత కచ్చితంగా ఎందుకుండాలో ఇక్కడ తెలుస్తుంది. ఇసుక ఎక్కడ మొదలవుతుంది, దెబ్బ ఎప్పుడు మొదలవుతుంది, తగలడం అంటే ఏమిటి అన్నవి ఆటగాడు తనకు తానే తీర్పు చెప్పుకోవలసిన ప్రశ్నలు.

నియమాల్లో మాటలు మారుతూ కూడా ఉంటాయి. ఎన్నో ఏళ్లుగా వాడిన హజార్డ్ అనే మాట 2019లో నియమావళి నుంచి తప్పుకుంది. నీరు, పొదలు ఉన్న చోట్లను ఇప్పుడు పెనాల్టీ ఏరియా అంటారు, ఎరుపు లేదా పసుపు గుంజలతో హద్దు చూపుతారు. తెల్ల గుంజలు దాటితే అవుట్ ఆఫ్ బౌండ్స్, అదింకా కఠినం. మొదటి దెబ్బే హద్దు దాటిందనుకుంటే, ఆ దెబ్బ లెక్కలోకి వస్తుంది, జరిమానా ఒకటి కలుస్తుంది, మళ్లీ అదే చోటు నుంచి కొట్టాలి. అంటే రెండోసారి కొడుతున్న ఆటగాడు ఆడుతున్నది తన మూడో దెబ్బ. బంతి కనబడకపోయినా ఇదే శిక్ష. వెతకడానికి ఇచ్చే సమయం కూడా 2019లో ఐదు నిమిషాల నుంచి మూడుకు తగ్గింది. బంతి పోయి ఉండవచ్చని అనుమానం వస్తే ముందుజాగ్రత్తగా ప్రొవిజనల్ అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టవచ్చు. ఆ మాట నోటితో అనడం తప్పనిసరి. అనకపోతే రెండో బంతే అసలు బంతి అయిపోతుంది. స్నేహితుల ఆటలో మొదటి దెబ్బ చెడితే లెక్కలేకుండా మళ్లీ కొట్టనివ్వడాన్ని మల్లిగన్ అంటారు. నియమావళిలో అలాంటిది ఎక్కడా లేదు.

పార్ తర్వాత అత్యంత విలువైన మాట హ్యాండీక్యాప్. తెలుగునాట ఈ మాట ఎన్నాళ్లుగానో అంగవైకల్యానికి గుర్తుగా వినబడుతోంది కాబట్టి, ఒక ఆటగాడి హ్యాండీక్యాప్ ఇంత అని చదివినప్పుడు కొందరు పొరబడతారు. టోపీలో చేయిపెట్టి ఆడే ఒక పాత బేరసారాల ఆట నుంచి ఈ మాట పుట్టి, గుర్రప్పందేలకు వెళ్లింది. అక్కడ బలమైన గుర్రం మీద ఎక్కువ బరువు పెట్టి పోటీని సమానం చేసేవారు. గోల్ఫ్‌లో బలమైనవాడి మీద బరువు పెట్టరు, బలహీనుడికి కొన్ని దెబ్బలు విడిచిపెడతారు. 20 ఏళ్ల కుర్రవాడూ 65 ఏళ్ల తాతగారూ ఒకే రోజు ఒకే మైదానంలో నిజంగా పోటీపడగలిగే ఆటలు చాలా తక్కువ. గోల్ఫ్‌లో అది సాధ్యమైంది ఈ ఒక్క లెక్క వల్లే. అందుకే ఈ పదజాలంలో అన్నిటికంటే గొప్ప ఆవిష్కరణ ఇదేనని చెప్పాలి.

2020లో మొదలైన ప్రపంచ హ్యాండీక్యాప్ పద్ధతిలో, ఆటగాడి చివరి 20 రౌండ్లలో మంచివైన 8 తీసుకుని వాటి సగటుతో హ్యాండీక్యాప్ ఇండెక్స్ కడతారు. గరిష్ఠం 54. మొత్తం సగటు కాకుండా మంచి రౌండ్లే తీసుకోవడంలో ఒక ఆలోచన ఉంది. హ్యాండీక్యాప్ చెప్పేది ఆటగాడు రోజూ ఎలా ఆడతాడన్నది కాదు, బాగా ఆడిన రోజున ఏం చేయగలడన్నది. ఇక మైదానాల తేడాను సరిచేసేది స్లోప్ రేటింగ్. అది 55 నుంచి 155 వరకు ఉంటుంది. 113ను ప్రామాణికంగా తీసుకున్నారు. ఇండెక్స్ 18 ఉన్న ఒక ఆటగాడిని ఊహించుకుందాం. మైదానం కోర్స్ రేటింగ్ (హ్యాండీక్యాప్ సున్నా ఉన్న ఆటగాడు అక్కడ ఎన్ని దెబ్బల్లో ముగిస్తాడన్న అంచనా), పార్ రెండూ 72 అనుకుంటే, స్లోప్ 130 ఉన్నచోట 18ని 130తో గుణించి 113తో భాగించగా 20.7 వస్తుంది, అతనికి 21 దెబ్బలు వెసులుబాటు. స్లోప్ 100 ఉన్న తేలిక మైదానంలో అదే మనిషికి 16 మాత్రమే. మొదటి మైదానంలో 95 దెబ్బలు ఆడితే అది గ్రాస్ స్కోరు. 21 తీసేస్తే నెట్ స్కోరు 74. హ్యాండీక్యాప్ సున్నా ఉన్న ఆటగాడిని స్క్రాచ్ గోల్ఫర్ అంటారు, అతనికి ఏ వెసులుబాటూ ఉండదు.

మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీని స్ట్రోక్ ప్లే అంటారు. టోక్యోలో జరిగింది అదే. ఇద్దరు ఎదురెదురుగా ఒక్కో హోల్‌ను గెలుచుకుంటూ వెళ్లేది మ్యాచ్ ప్లే. అందులో ఫలితం 3 అండ్ 2 అని కనబడితే, ఇంకా రెండు హోళ్లు మిగిలి ఉండగానే మూడు హోళ్ల ఆధిక్యంతో గెలిచారని అర్థం. మిగిలిన హోళ్లు ఎన్నో, ఆధిక్యం అంతే ఉంటే ఆ స్థితి డార్మీ. అదనపు హోళ్లు ఆడించే పోటీ కాకపోతే ఇక ఓడిపోవడం కుదరదు. మ్యాచ్ ప్లేలో మాత్రమే ప్రత్యర్థి చిన్న పట్‌ను కొట్టకుండానే కొట్టినట్టు ఒప్పేసుకోవచ్చు. అమెరికా, బ్రిటన్ జట్లు తలపడిన 1969 రైడర్ కప్‌లో చివరి గ్రీన్ మీద అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్, బ్రిటన్ ఆటగాడు టోనీ జాక్లిన్‌కు అలా ఒక పట్ వదిలిపెట్టడంతో పోటీ 16–16తో సమమైంది. వాడుకలో దాన్ని గిమ్మీ అంటారు. స్ట్రోక్ ప్లేలో గిమ్మీ లేదు. ఎంత దగ్గరున్నా బంతి గుంతలో పడాల్సిందే.

కర్రల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సంచిలో 14కు మించకూడదు. వుడ్ అనే పేరు మిగిలింది కానీ అందులో చెక్క ఎప్పుడో పోయి లోహం వచ్చింది. ఐరన్‌లకు అంకెలుంటాయి, అంకె పెరిగేకొద్దీ ముఖం వాలు పెరిగి బంతి ఎత్తుగా వెళ్లి తక్కువ దూరంలో పడుతుంది. ఇసుకలోంచి, గ్రీన్ దగ్గర నుంచి లేపడానికి వెడ్జ్‌లు, దొర్లించడానికి పటర్. ఈ సంచి మోసేవారు క్యాడీ. సైనిక శిక్షణలోని చిన్న కుమారుల్ని పిలిచే ఫ్రెంచి మాట నుంచి వచ్చి, ఎడిన్‌బరో వీధుల్లో పనిపాటలు చేసిపెట్టే కుర్రవాళ్ల పేరుగా మారిన మాట ఇది. మంచి క్యాడీ మోసేది బరువొక్కటే కాదు. దూరం లెక్కకట్టి, గాలి చూసి, గ్రీన్ వాలు చదివి సలహా ఇస్తాడు. నియమాల ప్రకారం ఆట మధ్యలో ఆటగాడు సలహా అడగగలిగేది క్యాడీనే. జంటగా ఆడేటప్పుడైతే జోడీని, అతని క్యాడీని కూడా అడగవచ్చు. టోక్యోలో అదితి సంచి మోసింది ఆమె తల్లి. క్యాడీగా మొదలై ఆటగాళ్లుగా ఎదిగినవారు మన దేశంలో చాలామంది. 2009 ఇండియన్ ఓపెన్ గెలిచిన బెంగళూరు ఆటగాడు సి. మునియప్ప వారిలో ఒకరు.

ఈ మాటల్ని తెలుగులోకి ఎలా తేవాలన్నది పత్రికల్లో రాసేవారికి నిజమైన సమస్యే. హోల్‌కు గుంత, క్లబ్‌కు కర్ర, స్ట్రోక్‌కు దెబ్బ చక్కగా సరిపోతాయి. గోళీలాట, కర్రాబిళ్ల ఆడిన నోటికి అవి కొత్త కావు. బర్డీని పిట్ట అనో, పార్‌ను సమానమనో అనువదిస్తే మాత్రం పాఠకుడికి మేలు జరగదు, ఎందుకంటే అవి వస్తువుల పేర్లు కాక కొలతల పేర్లు. మీటరును, డిగ్రీని అనువదించం. మొదటిసారి వచ్చినప్పుడు విలువ చెప్పి, తర్వాత ఆ మాటనే వాడటం మేలు. బర్డీతో మెరిసింది అని రాసే బదులు, పార్ 4 హోల్‌ను మూడు దెబ్బల్లో ముగించి బర్డీ సాధించింది అని ఒక్కసారి రాస్తే, పాఠకుడికి ఆ తర్వాత వార్త అంతా తనంతట తనే విచ్చుకుంటుంది.

స్కోరు కార్డు చదవడం వస్తే ఆట చూడకపోయినా ఆట కనిపిస్తుంది. బర్డీ వచ్చిన హోల్ దగ్గర అంకె చుట్టూ ఒక వలయం గీస్తారు, ఈగిల్‌కు రెండు వలయాలు. బోగీకి ఒక చతురస్రం, డబుల్ బోగీకి చతురస్రం లోపల మరో చతురస్రం. టోక్యోలో స్వర్ణం గెలిచిన అమెరికా క్రీడాకారిణి నెల్లీ కోర్డా రెండో రౌండ్ కార్డు అలాంటి కథే చెబుతుంది. 17 హోళ్లు ముగిసేసరికి ఆమె ఆ రోజుకు 11 అండర్‌లో ఉంది. చివరి హోల్‌లో ఒక్క బర్డీ వస్తే రౌండ్ స్కోరు 59. మేటి ఆటగాళ్లకు కూడా కెరీర్ మొత్తంలో దొరకడం కష్టమైన అంకె అది. కార్డు నిండా ఉన్న వలయాల తర్వాత, 18వ గడిలో ఉన్నది రెండు చతురస్రాలు. దాని పక్కన మొత్తం 62.